కొత్తవాళ్ల చేతికి ఏ పుస్తకం? ఒక పాత అప్‌రైట్ పియానో మీద పరీక్షించిన కేస్

తీరప్రాంతంలో ఒక చర్చి హాలు. అందులో 88 మెట్ల పాత అప్‌రైట్ (తీగెలు నిలువుగా ఉండే) పియానో. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఐదుగురు: ఇద్దరు హార్మోనియం బాగుచేసేవాళ్లు, ఒక వడ్రంగి, ఇద్దరు కీబోర్డు వాయించే కుర్రాళ్లు. గడువు పన్నెండు వారాలు, వారానికి రెండు పూటలు. చేతిలో ఉన్న డబ్బు రెండు పుస్తకాలకు సరిపోతుంది. మూడోది కావాలంటే ఉచితంగా దొరకాలి. ఏ పుస్తకాలు కొన్నాం, ఏ వరసలో చదివించాం, ఎక్కడ దెబ్బ తగిలింది అన్నది ఈ కేస్.

పుస్తకాల జాబితా కంటే ముందు తయారైంది పియానో జాతకం. కొత్తవాళ్లకు పుస్తకం ఎంచేటప్పుడు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పేరున్న పుస్తకం ముందు కొని, దానికి తగ్గ పాఠం తర్వాత వెతుక్కుంటారు. ఇక్కడ మొదటి పూటంతా కొలతలకే పోయింది. మధ్య ఎ స్వరం 440 హెర్ట్‌జ్ ఉండాల్సింది 60 సెంట్లు (సెంటంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు) కిందికి జారి ఉంది. మంద్రంలో జారుడు 40 సెంట్లు, పై స్థాయిలో 75 దాకా. పద్నాలుగు హ్యామర్లు తీగెను కొట్టి నెమ్మదిగా వెనక్కి వస్తున్నాయి. తొమ్మిది మెట్లు నొక్కితే లేవడం లేదు. ఏడు ట్యూనింగ్ పిన్నులు (తీగె చుట్టి బిగించే మేకులు) శ్రుతిని నిలపడం లేదు. బ్రైడిల్ పట్టీలు (హ్యామర్‌ను దాని కింది భాగానికి కలిపే సన్నటి పట్టీలు) పట్టుకుంటే పొడి అవుతున్నాయి. పై తీగెల మీద తుప్పు. మెట్ల కింది ఫెల్ట్ బిళ్లల్ని అక్కడక్కడా చిమ్మటలు తినేశాయి.

60 సెంట్లంటే మాటల్లో చిన్నదే, తీగెల మీద మాత్రం చిన్నది కాదు. బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 60 సెంట్లు పైకి లాగాలంటే ఇప్పుడున్న బిగువు మీద 7 శాతం పైగా కలవాలి. సుమారు 230 తీగెలు కలిపి 18 టన్నులు లాగే పియానోలో అది ఒక టన్నుకు మించిన అదనపు బరువు. తుప్పు పట్టిన తీగెల మీద, ముదిరిన చెక్క మీద ఆ బరువు మోపే పని కొత్తవాళ్ల చేత చేయించాలి. కాబట్టి పుస్తకం ఎంత సమగ్రంగా ఉందని చూడటం కంటే, ఎక్కడ ఆగాలో చెబుతోందా అని చూడటం ముఖ్యమైంది.

పరిశీలనకు వచ్చినవి నాలుగు. ఒకటి ఆర్థర్ రెబ్లిట్జ్ రాసిన సర్వీసింగ్, ట్యూనింగ్, రీబిల్డింగ్ పుస్తకం. 1976లో మొదటి కూర్పు, 1993లో రెండోది. అమెరికాలో ఈ పని నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది దాటివచ్చిన పుస్తకం ఇదే. రెండోది లారీ ఫైన్ రాసిన పియానో బుక్. ఇది కొనేవాళ్లకోసం రాసింది, మరమ్మతు చేసేవాళ్లకు కాదు. మూడోది జె. క్రీ ఫిషర్ 1907లో ఔత్సాహికులకని రాసిన ట్యూనింగ్ పుస్తకం. కాపీరైటు తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నాలుగోది మారియో ఇగ్రెక్ 2013లో వెలువరించిన పెద్ద గ్రంథం. పనిలో కొంత చేయి తిరిగినవాడికి అది నిధి. మొదటి వారం కుర్రాడి చేతిలో పెడితే దిండుగా పనికొస్తుంది.

ఎంపికకు పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవకుండా మూడు చోట్ల తెరవాలి: శ్రుతి బాగా జారిన పియానోను పైకి తేవడం, లేవని మెట్టును బాగుచేయడం, నిలవని పిన్నును నిలపడం. ఈ మూడు పనుల్లోనే కొత్తవాళ్లు పియానోను పాడుచేస్తారు. అక్కడ పని దశల కంటే ముందు పరీక్షలు చెప్పి ఉంటే, చేయి ఆపాల్సిన చోటు చెప్పి ఉంటే, ఆ పుస్తకం నిలుస్తుంది.

మొదటి చోటు శ్రుతి పెంపు. జారిన పియానోను ఒక్క విడతలో 440కి బిగిస్తే, చివరి తీగెకు వచ్చేసరికి మొదటివి మళ్లీ కిందికి దిగుతాయి. కొత్త బరువుకు బ్రిడ్జి (తీగెలు ఆనే చెక్క) మీద ఒత్తిడి పెరిగి సౌండ్‌బోర్డు (ధ్వనిని పెంచే పెద్ద పలక) కొంచెం అణుగుతుంది, ముందు బిగించిన తీగెలు ఆ మేరకు వదులవుతాయి. అందుకే పనివాళ్లు మొదటి విడతలో లక్ష్యాన్ని దాటించి లాగుతారు. జారుడులో సగటున పాతిక శాతం అదనంగా, రాగి చుట్టిన మంద్ర తీగెలకు అందులో సగం లోపు, పై స్థాయికి 30 నుంచి 35 శాతం. ఈ లెక్కన 60 సెంట్లు జారిన మధ్య స్థాయిని 15 సెంట్లు పైకి దాటించాలి. కానీ ఈ లెక్క బాగున్న తీగెలకే. తుప్పు పట్టిన తీగెను దాటించి లాగితే తెగడానికి ఎదురుచూడక్కర్లేదు. ఈ పియానోకి తీసుకున్న నిర్ణయం: మొదటి విడత సగం దూరం, అంటే 30 సెంట్లు, పది రోజుల విరామం, రెండో విడత 440కి, దాటించకుండా, ఆ తర్వాతే అసలు ట్యూనింగ్. ప్రతి తీగెను పైకి లాగేముందు పిసరంత కిందికి దించాలి. తుప్పుతో అతుక్కున్న చోట తీగె వదిలినప్పుడు 'టిక్' మని చిన్న చప్పుడు వస్తుంది, అది విన్నాకే పైకి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. సగటున ఒక్కో తీగె 75 నుంచి 80 కిలోలు లాగుతుంటుంది, తెగితే ఎటు కొడుతుందో చెప్పలేం.

రెండో చోటు లేవని మెట్టు. ఇక్కడ పుస్తకాల వాతావరణం, మన వాతావరణం ఎదురెదురు దిక్కులు. అమెరికాలో రాసిన పుస్తకానికి ప్రధాన శత్రువు చలికాలం. హీటరు వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి సౌండ్‌బోర్డు బీటలు తీయడం, పిన్నులు వదులవడం అక్కడి బాధ. మన తీరంలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. బుషింగ్ గుడ్డ (పిన్ను చుట్టూ రంధ్రంలో అతికించిన గుడ్డ) ఉబ్బుతుంది, చెక్క ఉబ్బుతుంది, మెట్టు పట్టేస్తుంది. అదే హాల్లో ఆదివారం నాలుగు గంటలు ఏసీ నడిస్తే కొన్ని మెట్లు వాటంతటవే లేస్తాయి, సోమవారం మళ్లీ పట్టేస్తాయి. పుస్తకం చెప్పినట్టు ఈజింగ్ (వదులు చేసే) పట్టకారుతో బుషింగును వెంటనే నొక్కేస్తే, ఏసీ పెట్టినప్పుడు ఆ మెట్టు పక్కకు ఊగి కటకటమంటుంది. కాబట్టి కొత్త నియమం: తేమ కొలిచే హైగ్రోమీటరు పెట్టి రెండు వారాలు ఉదయం, సాయంత్రం రాయాలి. తేమ తగ్గినప్పుడు కూడా లేవని మెట్టు మీదే చేయి వేయాలి.

చేయి వేసేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. మెట్టు లేవకపోతే అందరి చూపూ మెట్టు మీదికే పోతుంది. దోషం చాలాసార్లు పైన యాక్షన్‌లో, అంటే మెట్టు కదలికను హ్యామర్‌కు చేర్చే యంత్రాంగంలో ఉంటుంది. హ్యామర్‌ను వేలితో తీగె దాకా తోసి వదలాలి. అది బద్ధకంగా వెనక్కి వస్తే హ్యామర్ బట్ (హ్యామర్ మొదలు) సెంటర్ పిన్ (అది తిరిగే ఇరుసు) బిగుసుకుంది. హ్యామర్ బాగానే వస్తే విప్పెన్‌ను (మెట్టు పైకి లేపే మీట) వేలితో లేపి వదలాలి, దాని బరువుతో అది పడాలి. తర్వాత జాక్‌ను (విప్పెన్ మీద ఉండి హ్యామర్‌ను తోసే ముక్క) వెనక్కి నొక్కి స్ప్రింగు తిప్పి తెస్తోందా చూడాలి. మూడూ బాగుంటేనే మెట్టు దగ్గరికి రావాలి. ముందువైపు పిన్ను బుషింగు, మధ్య బ్యాలెన్స్ రంధ్రం (మెట్టు ఊగే పిన్ను దూరే చోటు), రెండు మెట్ల మధ్య ఇరుక్కున్న పెన్సిల్ ముక్కో చిల్లర నాణెమో, ఇదే వరస. ఈ పియానోలో పట్టేసిన తొమ్మిదింటిలో నాలుగు విప్పెన్‌వి, ఒకటి నాణెం.

సెంటర్ పిన్ బిగుసుకున్నప్పుడు నూనె చుక్క వేయాలన్న ఆలోచన హార్మోనియం పనివాళ్లకు, కుట్టుమిషను చూసినవాళ్లకు సహజంగా వస్తుంది. ఫెల్ట్ నూనెను పీల్చుకుంటుంది, దుమ్ము పడుతుంది, ఆరు నెలలకు జిగురవుతుంది. తర్వాత దాన్ని మార్చడం తప్ప దారి లేదు. సరైన పని పాత పిన్ను తీసి, బుషింగును రీమరుతో సరిచేసి, అవసరమైతే అర సైజు పెద్ద పిన్ను వేయడం. 20వ నంబరు పిన్ను 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు. ఇరవైన్నర నంబరు 0.051. వెయ్యో వంతు అంగుళం తేడా మీద ఆడే పని ఇది. అందుకే ఈ పాఠానికి ముందు మైక్రోమీటరు పాఠం పెట్టాం.

మూడో చోటు నిలవని పిన్ను. ఇక్కడే పుస్తకం ఏ ఏటిదో చూసుకోవాలి. పాత పుస్తకాల్లో పిన్నును సుత్తితో ఇంకాస్త లోపలికి దించడం, పెద్ద సైజు పిన్ను వేయడం, చుట్టూ అట్ట చొప్పించడం వంటి మందులుంటాయి. గ్లిజరిన్ కలిసిన ద్రవాలు పోసే అలవాటూ ఒకప్పుడు ఉండేది. ఆ ద్రవం తర్వాత వచ్చే ప్రతి మరమ్మతుకూ అడ్డు. ఇప్పుడు ఎక్కువమంది చేసేది పల్చటి సయనోఅక్రిలేట్, అంటే సూపర్ గ్లూ, పిన్ను మొదట్లో చుక్కలుగా దించడం. రెబ్లిట్జ్ రెండు కూర్పుల కాలానికి ఈ పద్ధతి ఇంత వాడుకలోకి రాలేదు. కాబట్టి 1976, 1993 ప్రతులను ఈ ఒక్క విషయంలో ఆఖరి మాటగా తీసుకోకూడదు. గ్లూ కిందికి దిగాలంటే అప్‌రైట్‌ను వెన్ను మీద పడుకోబెట్టాలి. బరువు 200 కిలోలు దాటుతుంది, ఇనుప ఫ్రేము వల్ల బరువంతా వెనకవైపే ఉంటుంది. ఒరిగిందంటే ఇద్దరు ఆపలేరు. నలుగురు కావాలి, కిందకి దిమ్మలు కావాలి, కిటికీలు తీయాలి. కొత్తవాళ్లు చూడటం వరకే. పిన్ను నిజంగా వదులైందో, లివరు (పిన్ను తిప్పే పనిముట్టు) సరిగ్గా కూర్చోక అలా అనిపిస్తోందో తేల్చుకోకుండా గ్లూ సీసా మూత తీయకూడదు. ఇక్కడ ఏడింటిలో రెండు పిన్నులు లివరు తల సైజు తేడా వల్ల వదులుగా తోచినవే. రెండో నంబరు నక్షత్రపు తల పెట్టగానే నిలబడ్డాయి.

ఈ మూడు చోట్లా తెరిచి చూశాక లెక్క తేలిపోయింది. 1993 కూర్పు రెబ్లిట్జ్ ప్రధాన పాఠ్యపుస్తకం. పియానో బుక్ రెండోది. ఇది అడ్డదిడ్డమైన ఎంపికలా కనిపించవచ్చు, మరమ్మతు నేర్పని పుస్తకానికి డబ్బెందుకని వడ్రంగి అడిగాడు. వాడిన పియానో కొనేముందు ఏమేం చూడాలో కొనేవాడికి చెప్పే పుస్తకం, పనివాడికి పరీక్ష పట్టిక అవుతుంది. ఏది బాగుచేయదగ్గది, ఏది వదిలేయాలి అన్న చూపు కొత్తవాళ్లకు ముందే రావాలి. పగిలిన పిన్‌బ్లాకు (ట్యూనింగ్ పిన్నులు దిగే చెక్క) ఉన్న పియానోకు మూడు నెలలు శ్రుతి చేసి ఓడిపోయేవాళ్లు అందరి ఊళ్లోనూ ఉన్నారు. ఉచితంగా దొరికే 1907 పుస్తకం చెవి పాఠానికి మాత్రం, కొన్ని సవరణలతో. ఇగ్రెక్ గ్రంథం ఏడాది తర్వాతకు వాయిదా.

1907 పుస్తకానికి సవరణ ఎందుకంటే, ఆ కాలపు రాతల్లో శ్రుతి ప్రమాణం వేరు. 1859లో ఫ్రాన్స్ స్థిరపరిచిన ఎ 435 అప్పట్లో 'అంతర్జాతీయ శ్రుతి'. దాని ప్రకారం పై సి 517.3 హెర్ట్‌జ్. ఇప్పటి 440తో పోలిస్తే 20 సెంట్లు తక్కువ. పాత ట్యూనింగ్ ఫోర్కు (శ్రుతి చూసుకునే లోహపు కడ్డీ), పాత పుస్తకం రెండూ నమ్మి పని చేస్తే పియానో తనలో తాను బాగానే పలుకుతుంది, పక్కన కీబోర్డు మోగించగానే బండారం బయటపడుతుంది.

ఇక ఏ పుస్తకమూ చెప్పని చిక్కు ఒకటి మన చెవిది. హార్మోనియం పనివాళ్లిద్దరూ తంబూరా విని పెరిగినవాళ్లు. షడ్జమానికి అంతర గాంధారం 5:4 నిష్పత్తిలో, బీటు (రెండు స్వరాలు సరిగా కలవక వచ్చే ఊపు) లేకుండా నిలబడితేనే వాళ్లకు శ్రుతి. పియానోలో ఆ గాంధారం దాదాపు 14 సెంట్లు ఎక్కువగా ఉండాలి. ఎఫ్3, ఎ3 (అంకె ఏ స్థాయో చెబుతుంది) కలిపి మోగిస్తే సెకనుకు దాదాపు 7 బీట్లు రావాలి. పుస్తకం చదివి, లెక్క అర్థం చేసుకుని కూడా వాళ్ల చెయ్యి బీటు ఆగేదాకా లివరును కదిలిస్తూనే ఉంటుంది. కారణం చెప్పకుండా 'బీట్లు ఉంచు' అంటే వాళ్లకది అపశ్రుతి చేయమన్నట్టే. మూడు శుద్ధ గాంధారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించాం: ఒక్కోటి 386 సెంట్లు, మూడు కలిపి 1159. తార షడ్జమానికి 1200 కావాలి. 41 సెంట్ల గొయ్యి. ఆ గొయ్యిని అన్ని గాంధారాలకూ పంచడమే టెంపరమెంటు. ఇది పియానో మీద చేతితో చూపాక వాళ్లు ఐదుగురిలో అందరికంటే ముందున్నారు. బీటు ఆగిన చోటును వాళ్ల చెవి తప్పక పట్టుకుంటుంది కాబట్టి, అక్కడి నుంచి ఎంత దూరం జరగాలో చెబితే చాలు. పంచమానికి జరుగుడు చాలా తక్కువ, 2 సెంట్లు. ఎ3–ఇ4 మధ్య నాలుగు సెకన్లకు మూడు బీట్లు. ఎ3–డి4 మధ్యమానికి సెకనుకు ఒకటి.

పంచమాల మీద పంచమాలు పేర్చుకుంటూ పోయే పాత పద్ధతిలో ఒక్కో అడుగులో అర సెంటు తప్పినా పన్నెండో అడుగుకు 6 సెంట్లవుతుంది. అందుకే గాంధారాల తనిఖీ ఉన్న పుస్తకమే కావాలి. సెకనుకు బీట్లు: ఎఫ్–ఎ 6.9, ఎఫ్ షార్ప్–ఎ షార్ప్ 7.3, జి–బి 7.8. మెట్టు మెట్టుకూ వేగం కొద్దికొద్దిగా పెరగాలి. ఎక్కడైనా తగ్గితే తప్పు అక్కడుంది. ఫోన్‌లో గిటారు ట్యూనర్ యాప్‌తో పన్నెండు స్వరాలూ పెడదామన్న కుర్రాళ్లకు కూడా ఇదే తనిఖీ పెట్టాం. మధ్య స్థాయిలో కొంత నెగ్గారు. మంద్రంలోను, పై స్థాయిలోను ఓడిపోయారు. పియానో తీగె బిరుసుగా ఉంటుంది, దాని అసలు స్వరం వెంట పలికే అనుస్వరాలు లెక్కకంటే కాస్త ఎక్కువగా పలుకుతాయి, కాబట్టి స్థాయిలను సాగదీయాలి. గిటారు యాప్‌కు ఆ సాగదీత తెలియదు.

భాష గొడవ వేరే. అమెరికా పుస్తకంలో ట్యూనింగ్ పిన్ అన్నది బ్రిటిష్ పుస్తకంలో రెస్ట్ పిన్. పిన్‌బ్లాకు అక్కడ రెస్ట్ ప్లాంక్. లెట్‌ఆఫ్ (తీగెకు దగ్గరగా జాక్ హ్యామర్‌ను వదిలేసే చోటు) అక్కడ సెట్‌ఆఫ్. అమెరికాలో లివరును ట్యూనింగ్ హ్యామర్ అని కూడా అంటారు. ఆ పేజీ చదివిన కుర్రాడు మర్నాడు సుత్తి పట్టుకొచ్చాడు. అప్పటి నుంచి గోడ మీద మూడు వరసల పట్టిక: అమెరికా మాట, బ్రిటిష్ మాట, ఈ హాల్లో మనం వాడే మాట. పక్కనే కొలతల పట్టిక: మెట్టు లోతు 3/8 నుంచి 13/32 అంగుళం, అంటే 9.5 నుంచి 10.3 మిల్లీమీటర్లు. హ్యామర్ ప్రయాణం 1¾ అంగుళం, 44.5 మిల్లీమీటర్లు. లెట్‌ఆఫ్ 1/8 అంగుళం, 3.2. తయారీదారు కొలత దొరికితే పుస్తకం కొలత పక్కన పెట్టాలని కింద ఎర్ర ఇంకుతో రాశాం.

చదివించిన వరస పుస్తకపు అధ్యాయాల వరస కాదు. మొదటి రెండు వారాలు పనిముట్లు లేవు. పియానో బుక్‌లో పియానో ఎలా పని చేస్తుందో చెప్పే భాగం, ఎదురుగా తెరిచిన పియానో. మూడు, నాలుగు వారాలు యాక్షన్ బయటకు తీయడం, పెట్టడం. తర్వాత యూనిసన్ ట్యూనింగ్: రెండు రబ్బరు మ్యూట్లు (పక్క తీగె మోగకుండా ఆపేవి), మూడు తీగెల ఒకే స్వరం, మధ్య తీగెకు పక్కవి కలపడం. టెంపరమెంటు పదో వారానికి గానీ రాలేదు. లివరు మీద చెయ్యి కుదరనివాడికి బీట్ల లెక్క చెప్పినా, వాడు పెట్టిన స్వరం అయిదు నిమిషాలు నిలవదు. పిన్ను తిరిగిందా, ఊరికే వంగిందా అన్న తేడా చేతికి తెలియాలి.

దెబ్బలు మూడు తగిలాయి. యాక్షన్‌ను ముందుకు వంచి తీసేటప్పుడు పొడి అయిన బ్రైడిల్ పట్టీలు ఊడి విప్పెన్లు వేలాడాయి. తిరిగి పెట్టేటప్పుడు ఒకటి మెట్టు వెనక ఇరుక్కుని విరిగింది. పట్టీలు మార్చాకే యాక్షన్ తీయాలన్న మాట పుస్తకంలో ఉండాల్సిన చోట కాకుండా వేరే అధ్యాయంలో ఉంది. రెండోది, మొదటి విడతలో రెండు తీగెలు తెగాయి. ఒకటి 13వ నంబరు, 0.79 మిల్లీమీటర్లది. ముందే 13 నుంచి 18 దాకా తీగె చుట్టలు కొని ఉంచడం వల్ల పాఠం ఆగలేదు. తెగిన రెండింటిలో ఒకటి 'టిక్' వినకుండా లాగినది. మూడోది, వడ్రంగి బ్యాలెన్స్ రంధ్రాన్ని ఆకురాయితో ఒక్క తోపు ఎక్కువ తోసి వదులు చేశాడు. చెక్క మీద ధైర్యం ఉన్నవాళ్లకే ఈ పొరపాటు ఎక్కువ. పక్కకు సన్నటి వెనీరు అతికించి మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

పన్నెండో వారం చివర మధ్య ఎ 440 దగ్గర నిలిచింది. పదిహేను రోజులకు 8 సెంట్లు దిగింది. ఇంత లాగిన పియానోకు అది మామూలే, మరో విడత ట్యూనింగ్ ముందే అనుకున్నది. హాల్లో ఉంచిన పుస్తకం అంచుల్లో ఇప్పుడు పెన్సిల్ రాతలున్నాయి. యాక్షన్ తీసే పేజీలో 'ముందు పట్టీలు చూడు'. పిన్నుల పేజీలో 'లివరు తల రెండో నంబరేనా?'. మెట్లు వదులు చేసే పేజీలో, వడ్రంగి చేతిరాతతో, 'ఏసీ ఆపిన మర్నాడు ఈ పని పెట్టుకోవద్దు'.